ఆ రెండో పిల్లవాడి పేరేమిటి?

(కూకట్‌పల్లిలో ఒక మాస్టారి పేర జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చు ప్రతి)

 

కూకట్‌పల్లి ఇంకా ఊరుగా ఉన్న రోజుల నుంచీ మాస్టారు ఇక్కడి పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పారు. యుద్ధాలు, సంధులు, పట్టాభిషేకాలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, అప్పుడు మీ వయసు పిల్లలు ఏం చేస్తూ ఉండేవారని అడగడం ఆయనకు అలవాటు. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు దొరికేది కాదు. ఆయన పేరు మీద మాట్లాడమన్నారు కాబట్టి ఈ సాయంత్రం పిల్లల గురించే మాట్లాడతాను. దక్షిణాఫ్రికాలో, నేటాల్ చెరుకు తోటల్లో, ఒకప్పుడు మన తెలుగు కూలీల పిల్లలూ అక్కడి జులూ పిల్లలూ పక్కపక్కన పెరిగారు. ఆ దగ్గర్లోనే తెల్లదొరల బంగళాల్లో ఇంకో రకం పిల్లలు పెరిగారు. వాళ్ల మధ్య స్నేహాలుండేవి. ఆ స్నేహాలు ఏమయ్యాయన్నది నా విషయం.

ఈ హాల్లో చాలామంది ఇళ్లలో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక బిడ్డ ఉంటుంది. పరాయి దేశంలో తెలుగువాళ్లంటే మనకు ముందుగా తోచేది ఆ బిడ్డే. కానీ సాఫ్ట్‌వేర్ వీసాలకు వందేళ్ల ముందే మనవాళ్లు వేలిముద్ర వేసి ఓడలెక్కారు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ రేవు చేరింది. అక్కడి నుంచి 1911 దాకా, మధ్యలో 1866 నుంచి 1874 వరకు ఆగినా, మొత్తం 1,52,184 మంది భారతీయులు గిర్మిట్, అంటే అగ్రిమెంట్, కూలీలుగా నేటాల్‌కు వెళ్లారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు వైపు తెలుగువాళ్లు వేలమంది. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు.

ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఒక పేజీ తెరిచి చూడండి. అడ్డంగా గళ్లు: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. మచ్చ ఎక్కడుందో, కాలిన గాయం ఏ చేతి మీద ఉందో గుమాస్తా రాసుకున్నాడు. తల్లిదండ్రుల నంబర్ల కిందే పిల్లల నంబర్లు. ప్రతి వందమంది మగవాళ్లకూ నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్న నియమం వల్ల కుటుంబాలూ వెళ్లాయి, పిల్లలూ వెళ్లారు. అక్కడ పుట్టినవాళ్లు మరెందరో. డర్బన్‌లో ఇవాళ్టికీ అప్పలసామి, అప్పలరాజు అన్నవి ఇంటిపేర్లు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న ఏ ముత్తాతనో గుమాస్తా ఉట్టి పేరుతో రాసుకుంటే, ఆ పేరే వంశమంతటికీ నిలిచిపోయింది. కులం గడి నిండింది గాని, అసలు ఇంటిపేరుకు ఆ కాగితంలో గడే లేదు.

తోటల్లో కూలీలకు బారకాసులు ఉండేవి. పొడుగాటి రేకుల కొట్టాలు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, కొన్నిచోట్ల ఒకటికి మించి. బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుచేప దొర ఇచ్చే తిండి. తెల్లవారకముందే అమ్మానాన్నా చెరుకు కొట్టడానికి పోతే పిల్లలు పిల్లల్ని చూసుకునేవారు. చెరుకు తోట దాటితే జులూ కుటుంబాల గుడిసెలు, పశువులు. అక్కడి మగపిల్లలకు ఆరేడేళ్లకే పశువుల కాపలా. నేల మీద కూర్చుని బంకమట్టితో కొమ్ముల ఎడ్లను చేసుకోవడం వాళ్ల ఆట. మన్నెత్తుల అమావాస్యకు మట్టి ఎడ్లు చేసి పూజించే కర్నూలు, అనంతపురం పల్లెలు మనకు తెలుసు. ఆ బొమ్మ దగ్గర ఇద్దరు పిల్లలకు భాష అక్కర్లేదు. తర్వాత భాష దానంతటదే వచ్చింది. తోటల పక్కన పెరిగిన పాతతరం తెలుగువాళ్లలో జులూ ధారాళంగా మాట్లాడేవాళ్లు ఎందరో ఉండేవారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నేటాల్‌లో ఫనగలో అనే కలగాపులగం భాష ఒకటి నడిచేది. జులూ మాటలకు ఇంగ్లీషు ధోరణి తగిలించినది. పని చెప్పడానికి, బేరమాడటానికి, కసురుకోవడానికి అది సరిపోయేది. కొట్టువాడు, మేస్త్రీ, దొర అందరూ వాడింది అదే. పిల్లలు ఆటలో నేర్చుకున్న జులూ అది కాదు. ఆ జులూలో సరసాలున్నాయి, అలకలున్నాయి, అవ్వలు చెప్పిన కథలున్నాయి. ఒకే ఇంట్లో తండ్రి జులూ పనివాడి మీద ఫనగలోలో కేకేస్తుంటే కొడుకు అదే మనిషి బిడ్డతో అసలైన జులూలో నవ్వుతూ ఉండేవాడు. ఈ ఒక్క సంగతి తల్చుకుంటే చాలు, ఆ స్నేహాలు ఉత్తుత్తివి కావని నాకు నమ్మకం కుదురుతుంది.

అయితే ఆ బాల్యం ఎప్పుడు ముగియాలో పన్నుల చట్టం రాసి పెట్టింది. గిర్మిట్ తీరాక కూడా నేటాల్‌లో ఉండిపోదామనుకున్న భారతీయుడి మీద 1895లో ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. తర్వాత దాన్ని పిల్లలకూ వర్తింపజేశారు: మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పదమూడేళ్లు నిండితే పన్ను. నెలకు పది పన్నెండు షిల్లింగులు తెచ్చే ఇంట్లో పదమూడేళ్ల పిల్ల అరవై షిల్లింగుల బాకీతో పెద్దమనిషి అయ్యేది. జులూ పిల్లవాడి సంగతి? అతని తండ్రి 1849 నుంచీ గుడిసె పన్ను కడుతూనే ఉన్నాడు. 1905లో పద్దెనిమిదేళ్లు దాటిన మగవాళ్ల మీద తలకు ఒక పౌను పన్ను వేశారు. దాని మీదే 1906లో జులూల బంబాత తిరుగుబాటు చెలరేగింది. మూడు పౌన్ల పన్ను మీద 1913లో మన కూలీలు తోటలు, గనులు వదిలి సమ్మె కట్టారు, మరుసటి ఏడాది అది రద్దయింది. ఏడేళ్ల తేడాలో ఒకే నేల మీద, ఒకే రకమైన పన్ను మీద రెండు పోరాటాలు జరిగాయి. రెండూ కలవలేదు. కలిసి ఆడుకున్న పిల్లల తండ్రులు పక్కపక్కనే ఉండి వేరువేరుగా దెబ్బలు తిన్నారు.

బంగళా పిల్లవాడి బాల్యం పన్నుతో ముగియలేదు. అతనికి బోర్డింగ్ స్కూలు ఉండేది. దక్షిణాఫ్రికా నుంచి రొడీషియా దాకా తెల్లవాళ్ల వ్యవసాయ క్షేత్రాల్లో కథ ఇంచుమించు ఒకటే. పిల్లవాణ్ణి ఎత్తుకు పెంచేది ఆఫ్రికన్ ఆయా. ఏటి దగ్గర, పిట్టల వేటలో తోడు పోయేది ఆమె బిడ్డో పక్క గుడిసె బిడ్డో. 1901లో డర్బన్‌లో పుట్టిన కవి రాయ్ కాంప్‌బెల్‌కు జులూ అట్లాగే వచ్చింది. తర్వాత పిల్లవాణ్ణి చదువుకు పంపేస్తారు. సెలవులకు తిరిగొచ్చేసరికి నిన్నటి జతగాడు ‘చిన్న దొరా’ అని పిలవాలి. ఎవరూ గొడవపడకుండానే స్నేహం అయిపోతుంది. పెద్దయ్యాక ఆ తెల్లపిల్లవాడు పుస్తకం రాస్తే అందులో ఆ నేస్తం తప్పకుండా ఉంటాడు. తేనెపట్టు ఎట్లా కొట్టాలో నేర్పినవాడు, పాముల పేర్లు చెప్పినవాడు. అతనికి ఒక పొట్టి పేరు ఉంటుంది, అదీ దొరసాని పెట్టినదే. ఇంటిపేరు, ఊరు, తర్వాత ఏమయ్యాడన్నది మాత్రం ఉండవు.

నేను మీ ముందు పెట్టదల్చుకున్న ప్రశ్న ఇదే. ఆ స్నేహాలు నిజమైనవా కావా అని వాదించుకోవడం కన్నా, వాటిని గుర్తుపెట్టుకున్నది ఎవరు, రాసింది ఎవరు, ఆ రెండో పిల్లవాడి పేరేమిటి అని అడగాలి. మెట్టు మీదున్న పిల్లవాడికి ఆ స్నేహం తీపి జ్ఞాపకం. కింద ఉన్నవాడికి అది ఏమిటో మనకు ఎవరు చెప్పారు?

చెప్పినవాళ్లు అరుదు. పీటర్ అబ్రహామ్స్ అట్లాంటివాడు. 1919లో జొహనెస్‌బర్గ్‌లోని వ్రెడెడార్ప్‌లో పుట్టాడు. తండ్రి ఇథియోపియా నుంచి వచ్చినవాడు, తల్లి అక్కడి చట్టం లెక్కలో ‘కలర్డ్’, అంటే మిశ్రమ జాతి. తండ్రి పోయాక కొంతకాలం ఎల్స్‌బర్గ్‌లో బంధువుల ఇంట పెరిగాడు. 1954లో వచ్చిన ఆయన ఆత్మకథ ‘టెల్ ఫ్రీడమ్’లో అక్కడి జులూ నేస్తం జోసెఫ్ కనిపిస్తాడు. అదే పుస్తకంలో ఇంకో ఘట్టం ఉంది. దుకాణానికి వెళ్లి వస్తుంటే తెల్లపిల్లలు అడ్డగించి అతని తండ్రిని తిట్టారు. పిల్లవాడు తిరగబడ్డాడు. ఆ తర్వాత తెల్లదొర ఇంటికి వచ్చి, పెంచుతున్న పెద్దాయన చేతనే ఆ పిల్లవాణ్ణి కొట్టించాడు. కొట్టిన చేతికి కలిగిన అవమానం కూడా అందులో ఉంది. దొరల పిల్లలు రాసిన జ్ఞాపకాల్లో ఈ రాత్రి ఉండదు, ఎందుకంటే వాళ్లకు అది ఒక సాయంత్రపు తగాదా, నిద్రపోయి లేస్తే అయిపోయింది. జోసెఫ్ పేరు మనకు తెలుసంటే అబ్రహామ్స్ రాయబట్టే. జోసెఫ్ రాసిన పుస్తకం లేదు.

మరి మనవాళ్ల మాటేమిటి? ఇక్కడ మనం ధైర్యంగా మాట్లాడుకోవాలి. తెల్లవాడి కింద నలిగాం గనక మనం ఎవర్నీ నలపలేదని అనుకోవడం సుఖంగా ఉంటుంది, కానీ అది నిజం కాదు.

1899లో నేటాల్ ప్రభుత్వం తెల్లవాళ్ల బడుల నుంచి భారతీయ పిల్లల్ని తీసేసి డర్బన్‌లో వాళ్లకు వేరే బడి పెట్టింది. గాంధీ గారు తన పిల్లల్ని మినహాయింపు మీద తెల్లవాళ్ల బడికి పంపగలిగేవారే. మిగతా భారతీయుల పిల్లలకు లేని సౌకర్యం తన పిల్లలకు మాత్రం వద్దని పంపలేదు. 1929లో శ్రీనివాస శాస్త్రి గారి చొరవతో డర్బన్‌లో శాస్త్రి కాలేజీ వచ్చింది. ఆయన తర్వాత భారత ప్రభుత్వ ఏజెంటుగా 1929 నుంచి 1932 దాకా అక్కడ ఉన్నది మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు. ఆ రోజుల్లోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. పిల్లలకు తెలుగు చెప్పించాలి, పండగలు పోకూడదు అన్న తపన అది. దాన్ని నేను తక్కువ చేయను. నాలుగో తరం, అయిదో తరం పిల్లలు ఇవాళ కూడా తెలుగు పాటలు పాడుతున్నారంటే ఆ సభ చలవే. కానీ బడి వేరు, గుడి వేరు, సభ వేరు అయ్యేకొద్దీ ఆట కూడా వేరైంది. వేరు చేయడం ప్రభుత్వం పని. ఆ గోడ లోపల మనవాళ్లు బాగానే సర్దుకున్నారు.

భూమి దగ్గరికి వస్తే ఇంకా చిక్కు. డర్బన్ అంచున కాటో మేనర్ అనే లోయ ఉంది. జులూ వాళ్లు ఉంకుంబానే అంటారు. గిర్మిట్ తీరిన భారతీయులు అక్కడ కూరగాయల మళ్లు వేసుకున్నారు. ఒకటి రెండు తరాల్లో కొందరు భూములు కొన్నారు. పట్నానికి పని కోసం వచ్చిన ఆఫ్రికన్లకు నగరంలో ఇల్లు కట్టుకునే హక్కు లేదు, కనుక ఆ భూముల్లోనే గుడిసెలు వేసుకుని అద్దె కట్టారు. కొట్లు భారతీయులవి, బస్సులు చాలావరకు భారతీయులవి. చట్టం తెల్లవాడిది, రోజూ ఎదురుపడే చెయ్యి మాత్రం మనది. అద్దె వసూలుకు తండ్రి వెంట వెళ్లిన పిల్లవాడు, ఆ గుడిసెలోని తన ఈడు పిల్లవాణ్ణి చూసి ఎక్కడ నిలబడి ఉంటాడు? తండ్రి పక్కనా, అతని పక్కనా?

1949 జనవరి 13న డర్బన్ విక్టోరియా వీధి ప్రాంతంలో పద్నాలుగేళ్ల ఆఫ్రికన్ కుర్రవాడికీ, కొట్లో పనిచేసే పదహారేళ్ల భారతీయ కుర్రవాడికీ గొడవైంది. యజమాని వచ్చి ఆఫ్రికన్ పిల్లవాణ్ణి కొట్టాడు. పిల్లవాడి తల కొట్టు అద్దానికి తగిలి నెత్తురు కారింది. అంతే. రెండు రోజుల్లో 142 మంది చనిపోయారు: 87 మంది ఆఫ్రికన్లు, 50 మంది భారతీయులు, ఒక తెల్లవాడు, ఎవరో తేలనివాళ్లు నలుగురు. గాయపడినవాళ్లు వెయ్యి దాటారు. ఆఫ్రికన్లలో పోలీసులు, సైనికుల తూటాలకు పోయినవాళ్లు చాలామంది. అంతకు రెండేళ్ల ముందే, 1947 మార్చిలో, ఆఫ్రికన్ నాయకుడు డాక్టర్ జూమా, భారతీయ నాయకులు డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూ ముగ్గురూ ఆఫ్రికన్లు, భారతీయులు కలిసి పోరాడాలని ఒప్పందం మీద సంతకాలు చేశారు. పెద్దల ఒప్పందం కాగితం మీద ఉంది. వీధిలో ఇద్దరు కుర్రవాళ్ల మధ్య ఏ ఒప్పందమూ లేదు.

ఆ రాత్రుల్లో పక్కింటి భారతీయ కుటుంబాన్ని తమ ఇంట్లో దాచి కాపాడిన ఆఫ్రికన్లు ఉన్నారు. ఆ మాట బతికి బయటపడ్డవాళ్లే చెప్పారు. కాటో మేనర్‌లో పుట్టి పెరిగిన రానీ గోవెందర్ 1996లో ఆ లోయ కథల్ని పుస్తకంగా వేశారు. భారతీయ రచయిత చేతిలో ఆ లోయ బతికింది. అదే లోయ జులూ పిల్లల కళ్లతో ఎట్లా ఉంటుందో చెప్పే పుస్తకం నా బల్ల మీదకు ఇంకా రాలేదు.

1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. దాని పనితనం చూడండి. స్నేహం చేయకూడదని అది ఎక్కడా అనలేదు. ఎవరు ఎక్కడ ఉండాలో మాత్రమే చెప్పింది. కాటో మేనర్ ఖాళీ చేయించి భారతీయుల్ని చాట్స్‌వర్త్‌కు, ఆఫ్రికన్లను క్వామాషుకు, ఇంకా దూరాలకు తోలారు. చాట్స్‌వర్త్ ఎక్కడ పెట్టారు? తెల్లవాళ్ల పేటలకూ, ఆఫ్రికన్ల ఉమ్లాజికీ నడుమ. మధ్యలో అడ్డుగా మనవాళ్లు. నది, రైలు పట్టా, వెడల్పాటి ఖాళీ స్థలం సరిహద్దులయ్యాయి. పిల్లవాడు ఆటకు నడిచి వెళ్లగలిగే దూరం ఎంత? మహా అయితే ఒక మైలు. ఆ మైలును తీసేస్తే చాలు, మనసుల జోలికి పోనక్కర్లేదని ఆ చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసు. ఇట్లా వేరుగా పెరిగిన మూడు తరాల తర్వాత, 2021 జూలై అల్లర్లలో డర్బన్ దగ్గర, భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో 36 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆఫ్రికన్లు. 1904లో గాంధీ గారు ఆశ్రమం పెట్టుకున్న ఫీనిక్స్ పేరే ఆ టౌన్‌షిప్‌కూ పెట్టారు. ఆశ్రమానికి దగ్గర్లోనే జాన్ డూబే 1901లో ఆఫ్రికన్ పిల్లలకు ఓహ్లాంగే బడి పెట్టారు. రెండూ ఇరుగుపొరుగు. అంత దగ్గర ఉండీ చివరికి అక్కడ ఏమైందో చూశాం.

ఇదంతా చెబుతూ కూకట్‌పల్లిని తలవకపోతే మాస్టారు ఒప్పుకోరు. ఇక్కడి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లిఫ్టు పక్కన ఒక గది ఉంటుంది. వాచ్‌మన్ కుటుంబం అందులోనే. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లు. శ్రీకాకుళంవాళ్లయితే, అప్పలసామి ముత్తాతలు ఓడెక్కిన ఆ వైపు నుంచే ఇవాళ ఇక్కడికి బస్సెక్కారు. ఆ గది పిల్లవాడూ మూడో అంతస్తు పిల్లవాడూ కార్ల మధ్య క్రికెట్ ఆడతారు. బంతి ఏ కారు కిందకి పోయినా తీసేది ఎవరో మీకు తెలుసు. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ మొదలయ్యేసరికి ఆ ఆట ఆగిపోతుంది. ఎవరూ వద్దనరు. నేటాల్‌లో జాతి చేసిన పని ఇక్కడ డబ్బూ చదువూ చేస్తున్నాయి. రెండూ సమానమని నేను అనడం లేదు, అక్కడ తుపాకీ ఉంది, చట్టం ఉంది. కానీ ఆట ఆగే తీరు చూస్తే చాలా పోలిక. ఇక జేఎన్‌టీయూలో చదువుకోవడానికి వచ్చే ఆఫ్రికా విద్యార్థులతో మన పిల్లలకు పలకరింపైనా ఉందా అన్నది మీరే చూసుకోండి. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం పేరుతో ఏసీ గార్డ్స్ అనే పేట ఉన్న నగరం ఇది. ఆఫ్రికా ఈ నగరానికి కొత్త కాదు.

రెండు పేర్లూ మిగిలిన స్నేహం ఒకటి చెబుతాను. జానీ క్లెగ్ 1953లో ఇంగ్లండ్‌లో పుట్టి జొహనెస్‌బర్గ్‌లో పెరిగాడు. పద్నాలుగేళ్లప్పుడు చార్లీ మ్జిలా అనే జులూ మనిషి దగ్గర గిటార్, నాట్యం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మ్జిలా ఒక ఫ్లాట్ల భవనంలో ఊడ్చి తుడిచే మనిషి, సాయంత్రాలు వీధిలో వాయించేవాడు. అతని వెంట కూలీల హాస్టళ్లకు వెళ్లినందుకు క్లెగ్‌ను పదిహేనేళ్లకే పోలీసులు పట్టుకున్నారు. తర్వాత సిఫో మ్చునూ కలిశాడు, తోటమాలిగా పనిచేస్తున్న కుర్రవాడు. ఇద్దరూ జులూకా అనే బృందం కట్టారు. అది మ్చునూ వాళ్ల ఎద్దు పేరు. తెల్లవాడూ నల్లవాడూ ఒకే వేదిక ఎక్కకూడదన్న రోజుల్లో చర్చి హాళ్లలో, ఇళ్లలో పాడారు. 1985లో మ్చునూ తన పొలానికీ పశువులకూ తిరిగి వెళ్లిపోయాడు. ఆ నిర్ణయం అతనిది. ఆ స్నేహంలో నాకు నచ్చింది అదే: వెళ్లిపోవడానికి అతనికి ఊరుంది, పేరుంది, తన కథ తాను చెప్పుకునే నోరుంది. క్లెగ్ కూడా ఎక్కడ మాట్లాడినా తన గురువుగా మ్జిలా పేరు చెప్పాడు.

ఇక ఒక విన్నపం. డర్బన్‌లో క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం వెస్ట్‌విల్ ప్రాంగణంలో గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ ఉంది. భారతీయుల పాత జ్ఞాపకాలు, పోరాటాల్లో పాల్గొన్నవాళ్ల మౌఖిక సాక్ష్యాలు అక్కడ చాలా దాచారు. ఇక్కడి ఐటీ కంపెనీల నుంచి జొహనెస్‌బర్గ్, డర్బన్ పనుల మీద వెళ్లే మన పిల్లలు ఇప్పుడు తక్కువేం కాదు. వెళ్లినప్పుడు ఆంధ్ర మహాసభ పెద్దల్ని కలవండి. ఎనభై దాటినవాళ్లు దొరికితే ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డు చేయండి. చిన్నప్పుడు ఎవరితో ఆడుకున్నారని అడగండి, ఆ నేస్తం పేరు అడగండి. ముద్దుపేరు చెబితే ఆగిపోకుండా అసలు పేరు, ఇంటిపేరు అడగండి, ఖాళీ చేయించాక వాళ్లను ఏ పేటకు పంపారో అడగండి. ఆ తర్వాత క్వామాషు వెళ్లి, జులూ తెలిసిన మనిషిని తోడు తీసుకుని, ఆ ఇంటివాళ్లను కూడా అవే ప్రశ్నలు అడగండి. ఆ ఇంట్లో మన అప్పలసామి పేరు ఎట్లా పలుకుతారో, అతని గురించి ఏం చెబుతారో, అసలు గుర్తుందో లేదో వినండి. విన్నది మనకు నచ్చకపోయినా రాసుకుని తీసుకురండి.